ఆగేది ఏది, ఆగనిది ఏది?

(మన కమ్యూనిటీ రేడియోలో శనివారం ఉదయం ప్రసారమైన ప్రసంగ పాఠం)

పోయినవారం కార్యక్రమం అయ్యాక ఒకావిడ ఫోన్ చేశారు. "మావారు కథలు రాస్తారండీ. ఈమధ్య ఎవరో డబ్బులిస్తాం, అనువాదాలు చేసిపెట్టమంటున్నారు. ఆయనకి ఖాళీ దొరికేది శనాదివారాలే. ఏది ఒప్పుకోమంటారు?" అని అడిగారు. నేనూ పగలు సాఫ్ట్‌వేరు, రాత్రి రాత అనే బాపతే కాబట్టి, తెలిసినంతలో చెప్తాను.

ముందుగా, డబ్బుకోసం రాయడం తప్పేమీ కాదు. శ్రీశ్రీగారి మహాప్రస్థానం 1950లో పుస్తకంగా వచ్చింది. అదే ఏడు వచ్చిన ఆహుతి అనే డబ్బింగ్ సినిమాకి ఆయనే మాటలూ పాటలూ రాశారు. కొడవటిగంటి కుటుంబరావుగారు 1952 నుంచి 1980లో పోయేదాకా చందమామలో పనిచేస్తూనే కథలు, నవలలు, వ్యాసాలు రాశారు. డబ్బు తీసుకుని రాసినంత మాత్రాన అది నాసిరకం అయిపోదు. అల్లూరి సీతారామరాజు సినిమా పాటకి శ్రీశ్రీగారికి 1974 సంవత్సరపు జాతీయ అవార్డు వచ్చింది. అయితే మహాప్రస్థానం గీతాలు చాలావరకు 1930లలో, ఎవరూ అడ్వాన్సు ఇవ్వకుండా రాసినవే. రెండు రకాల రాతా ఒకే చేత్తో చెయ్యొచ్చు. ఏది ముందు అన్నదే చిక్కు.

అమెరికాలో మనవాళ్ళు డబ్బు మాట కంటే ముందు వీసా మాట చూసుకోవాలి. హెచ్-1బి మీద ఉన్నవాళ్ళు తమకోసం పిటిషన్ వేసిన కంపెనీకే పనిచెయ్యాలి. రాత్రి ఇంట్లో కూర్చుని చేసినా సరే, బయటివాళ్ళకి అనువాదం చేసి డబ్బు తీసుకుంటే స్టేటస్‌కే ముప్పు. హెచ్-4 వాళ్ళకి వర్క్ పర్మిట్ ఉండాలి. పుస్తకం రాయల్టీల సంగతి అంత తేలిగ్గా తేలేది కాదు, లాయర్‌ని అడగాల్సిందే. సొంత ఆనందానికి కథ రాసుకోవడానికి మాత్రం ఏ వీసా అడ్డు రాదు.

గ్రీన్‌కార్డు ఉందనుకోండి, అప్పుడు లెక్క వేసుకోండి. మూడువేల మాటల అనువాదం, మాటకి 10 సెంట్లు, అంటే 300 డాలర్లు. దిద్దుబాట్లూ ఈమెయిళ్ళూ కలిపి 20 గంటలు పట్టిందంటే గంటకి 15 డాలర్లు. ఏడాదిలో ఇలాంటి పనులమీద నికర ఆదాయం 400 డాలర్లు దాటితే మామూలు టాక్సు కాక సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ టాక్సు, సుమారు 15.3 శాతం, ఉంటుంది. మిగిలేది చూసుకుని, ఆ 20 గంటలు పిల్లల దగ్గరనుంచి తీసుకోవచ్చా అని ఇంట్లో అడగండి. అద్దెకో, అప్పుకో ఆ డబ్బు కావాలంటే మొహమాటపడకుండా ఒప్పుకోండి.

కాంట్రాక్టు కూడా చదవండి. "వర్క్ మేడ్ ఫర్ హైర్" అని ఉంటే, హక్కులు మొదటినుంచీ డబ్బిచ్చినవాళ్ళవే. యూజర్ మాన్యువల్‌కి అయితే ఫరవాలేదు. మీ సొంత కథకి ఆ షరతుమీద సంతకం పెట్టకండి.

ఇప్పుడు నా సంగతి. మా అమ్మమ్మగారిది మగ్గాల ఇల్లు. పడుగు ఎలా పోసేవారో, షావుకారు లెక్క ఎలా కట్టేవాడో ఆవిడ చెప్తుంటే రాసుకుని, పుస్తకం చెయ్యాలని నా కోరిక. 40 ప్రశ్నలు నోట్‌బుక్కులో రాసి పెట్టుకున్నాను. ఇంతలో ఒక అనువాదం పని వచ్చింది. మంచి డబ్బే. "అమ్మమ్మ ఎక్కడికి పోతుందిలే" అనుకుని దాన్ని పట్టుకున్నాను. రెండు నెలలన్నది ఎనిమిది నెలలు సాగింది. అది అయ్యాక ఇంటికి ఫోన్ చేస్తే, ఆవిడకి ఫోన్లో మాట వినపడటం లేదు. ఇప్పుడు మా అమ్మ పక్కన కూర్చుని నా ప్రశ్న చెవిలో గట్టిగా చెప్తుంది. ఆవిడ సగం చెప్పి అలిసిపోతారు. ఇప్పటికి 11 ప్రశ్నలు అయ్యాయి. ఆ అనువాదం నేను కాకపోతే ఇంకొకరు చేసేవారు.

అప్పటినుంచీ ఏ పని వచ్చినా రెండే ప్రశ్నలు వేసుకుంటున్నాను. ఇది ఏడాది ఆగితే ఏమవుతుంది? నేను రాయకపోతే ఇంకెవరైనా రాస్తారా? ఆగలేనిది, ఇంకెవరూ రాయలేనిది అయితే దానికి శనివారం పొద్దున్న ఇస్తాను. డబ్బు పని ఆదివారానికి, అదీ ముగింపు తేదీ రాసి ఉంటేనే.

ఫోన్ చేసిన ఆవిడకి నా జవాబు ఇదేనమ్మా. మీవారి కథల్లో ఆగలేనిది ఏదో ముందు ఆయన్నే అడగండి. అలాంటిది ఏమీ లేదంటే, అనువాదం హాయిగా ఒప్పుకోమనండి. ఉందంటే, ఈ శనివారమే మొదలుపెట్టమనండి.

వచ్చేవారం మళ్ళీ కలుద్దాం. సెలవు.