ఎక్కడి రాయి అక్కడే

“ఏం సార్, లంకెబిందెల కోసం వచ్చిండ్రా?”

నల్లగొండ, పాలమూరు పల్లెల్లో పాతగుడి పక్కన వంగి రాతి మీది రాత చూసేవాళ్లకు ముందుగా ఎదురయ్యే ప్రశ్న ఇదే. సగం వేళాకోళం, సగం అనుమానం. ఆ అనుమానం ఊరికే పుట్టింది కాదు. గుప్తనిధుల వేటగాళ్లు అర్ధరాత్రి వచ్చి నందిని పగలగొట్టి, గర్భగుడిలో గొయ్యి తవ్విపోయిన ఊళ్లు ఈ మెట్టసీమలో చాలానే ఉన్నాయి. పొద్దున కెమెరాతో వచ్చినవాడు రాత్రికి గడ్డపారతో రాడని నమ్మకమేంటి? చరిత్ర ఆనవాళ్లను కాపాడేందుకు సంఘం పెట్టాలనుకునేవాళ్లు ముందు గెలుచుకోవాల్సింది ఊరివాళ్ల నమ్మకాన్నే.

ఆలేరుకు చెందిన శ్రీరామోజు హరగోపాల్ కన్వీనర్‌గా నడుస్తున్న కొత్త తెలంగాణ చరిత్ర బృందం అలాంటి సంఘమే. ఆయన రిటైరైన బడిపంతులు, కవి. చెరువు కట్ట మీద శాసనం, గుట్ట చరియ కింద ఎర్రరంగు బొమ్మలు, పొలం గట్టున వీరుడి బొమ్మ చెక్కిన వీరగల్లు... పత్రికల్లో జిల్లా పేజీలు చదివేవారికి ఈ బృందం పేరు పరిచయమే. ఆలేరు పక్కనే కొలనుపాక. జైన, శైవ శిల్పాలు గుడి ఆవరణల్లో అడుగడుగునా కనిపించే ఊరు. అలాంటి చోట తిరిగినవాడికి రాళ్ల పిచ్చి పట్టకపోతేనే వింత.

ఈ పిచ్చికి వారసత్వమూ ఉంది. చిన్నప్పుడు భువనగిరిలో చదువుకుని, తర్వాత మునగాల దివానుగా పనిచేసిన చరిత్ర పరిశోధకుడు కొమర్రాజు వెంకట లక్ష్మణరావు 1923లో కన్నుమూశారు. ఆయన పేరు పెట్టుకున్న లక్ష్మణరాయ పరిశోధక మండలి 1935లో ‘తెలంగాణా శాసనములు’ అచ్చు వేసింది. ఆదిరాజు వీరభద్రరావు లాంటివారు ఊరూరా తిరిగి చేసిన పని అది. నిజాం కాలంలో తెలుగు పుస్తకం అచ్చు వేయడమే ఓ సాహసం. తర్వాతి తరంలో వలిగొండకు చెందిన బి.ఎన్. శాస్త్రి ఆ బరువు దాదాపు ఒంటిచేత్తో మోశారు. తుమ్మలగూడెంలో దొరికిన విష్ణుకుండినుల రాగి శాసనాలను పట్టుకుని, ఆ పల్లెటూరే నాటి ఇంద్రపాలనగరమని లోకానికి చెప్పారు. ‘మూసీ’ పత్రిక నడిపారు. ఒక లెక్చరర్ జీతంతో ఎంత పని చేయొచ్చో చూడాలంటే ఆయన శాసన సంపుటాలు తిరగేయాలి.

ఇంతకీ శాసనానికి నకలు తీసే పని ఎలా జరుగుతుంది? ముందు రాయిని నీళ్లతో కడిగి, మెత్తటి బ్రష్‌తో మట్టి వదిలిస్తారు. తడిపిన కాగితం దాని మీద పరిచి, అక్షరాల గుంటల్లోకి దిగేదాకా బ్రష్‌తో తడుతూ పోతారు. కాస్త ఆరాక సిరా అద్దిన గుడ్డ ఉండతో పైపైన ఒత్తుతారు. రాయి మట్టం నల్లబడుతుంది, చెక్కిన అక్షరం తెల్లగా మిగులుతుంది. అదీ నకలు. అంత సరంజామా లేకపోతే సాయంత్రం ఏటవాలు ఎండ చాలు, రాత్రయితే పక్కనుంచి వేసిన టార్చి లైటు చాలు. మిట్టమధ్యాహ్నం కనపడని అక్షరం అప్పుడు నీడతో లేచి నిలబడుతుంది. సున్నం పూసి, మేకుతో గీకి అక్షరాలు చదవాలనుకునే ఉత్సాహవంతులను మాత్రం దూరం పెట్టాలి. వాళ్లు దొంగలకంటే ప్రమాదం.

అసలు నన్నడిగితే, దొంగతనంకంటే భక్తే ఎక్కువ చెరుపు చేస్తోంది. జీర్ణోద్ధరణ అనగానే స్తంభం మీది కాకతీయుల శాసనానికి ఆయిల్ పెయింట్, నేల మీద టైల్స్. ఎవరినీ తిట్టలేం, దేవుడి మీద ప్రేమతో చేసిందే కదా.

దొరికినదాన్ని ఇంటికి తెచ్చి మ్యూజియం పెడదామనే సరదా చాలామందికి ఉంటుంది. ముడుమాల్ చూస్తే ఆ సరదా తీరిపోతుంది. నారాయణపేట జిల్లాలో, కృష్ణా నది ఒడ్డున పొలాల మధ్య నిలబెట్టిన నిలువురాళ్లవి. పది, పన్నెండు అడుగుల ఎత్తు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఆచార్యుడిగా పనిచేసిన కె.పి. రావు అక్కడ ఏళ్ల తరబడి పరిశోధించారు. ఆ రాళ్ల వరసలకు, సూర్యుడి గమనానికి లంకె ఉందని చెప్పారు. సప్తర్షి మండలాన్ని పోలిన గుంటలు తొలిచిన బండ కూడా అక్కడే ఉంది. ఒక్క రాయిని పెకిలించి తెచ్చి ఏసీ గదిలో పెట్టండి, అది ఉత్త బండే. 2025లో ఈ స్థలం యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కింది.

కదిలించక తప్పని రోజూ ఉంటుంది. నాగార్జునసాగర్ నీళ్లు ఏలేశ్వరాన్ని ముంచాయి. శ్రీశైలం ముంపులో పోవాల్సిన ఈదమ్మ గుడిని రాయి రాయిగా విప్పి మహబూబ్‌నగర్ పిల్లలమర్రి దగ్గర నిలబెట్టారు. ముంపు గుళ్ల తరలింపులో స్థపతిగా పనిచేసిన ఈమని శివనాగిరెడ్డి ఇప్పుడు ప్లీచ్ ఇండియా ఫౌండేషన్ తరఫున ఊళ్లు తిరుగుతూ చెప్పేది చాలా చిన్న పని: మట్టిలో కూరుకుపోయిన శిల్పాన్ని అదే ఊళ్లో పీఠం మీద నిలబెట్టండి, పక్కన వివరాల బోర్డు పెట్టండి.

ఇలాంటి సంఘం పెట్టడానికి కాగితాల పని పెద్ద కష్టమేం కాదు. ఏడుగురు కూడి, నియమావళి రాసుకుని, జిల్లా రిజిస్ట్రార్ దగ్గర సొసైటీగా నమోదు చేసుకోవచ్చు. తవ్వే హక్కు మాత్రం రాదు. భూమిలో పది రూపాయలకు మించిన నిధి ఏది దొరికినా కలెక్టరుకు చెప్పాలని 1878 నాటి చట్టం. దాస్తే జైలు. ప్రభుత్వమే తీసుకుంటే లోహం విలువకు ఐదోవంతు కలిపి ఇవ్వాలనీ అందులోనే ఉంది. ఈ రెండో ముక్క ఊళ్లో ఎవరూ చెప్పరు.

2024 మార్చిలో సూర్యాపేట జిల్లా ఫణిగిరి బౌద్ధక్షేత్రం తవ్వకాల్లో ఓ మట్టికుండ బయటపడింది. లోపల 3,730 నాణేలు. ఒకవైపు ఏనుగు, మరోవైపు ఉజ్జయిని గుర్తు. ఇక్ష్వాకులవి. అన్నీ సీసమే. గడ్డపార బ్యాచికి దొరికుంటే తిట్టుకుంటూ పొదల్లో పారబోసేవాళ్లు.

ఈసారి దసరాకు ఊరెళ్లినప్పుడు గుడి వెనక, చెరువు తూము దగ్గర ఒకసారి చూడండి. కత్తి పట్టిన వీరుడో, అరిగిన అక్షరాలో కనిపిస్తే ఫొటో తీసి, పక్కన స్కేలు పెట్టి ఇంకోటి తీసి, ఊరు, పొలం పేరు రాసిపెట్టుకోండి. పురావస్తు శాఖకు ఓ కాపీ పంపండి. వచ్చేముందు పూజారిగారితో ఒక్క మాట చెప్పి రండి, ఈ ఏడు దానికి రంగు వేయొద్దని.