నేటాల్ తెలుగు ఎవరి తెలుగు?

ప్రామాణిక తెలుగు అంటే కృష్ణా, గోదావరి జిల్లాల తెలుగు అని పుస్తకాల్లో చదువుకున్నాం. మాది కృష్ణా జిల్లాలో బందరు పక్కన గూడూరు. అయినా బడిలో మేము ‘సూశాను’, ‘సెప్పాను’ అన్నప్పుడల్లా క్లాసంతా నవ్వేది. మాస్టారూ నవ్వేవాడు. అంటే కృష్ణా జిల్లా తెలుగు అన్నప్పుడు అందులో వాడ లేదన్నమాట. వలసపోయిన తెలుగువాళ్లు భాషను ఎలా నిలుపుకున్నారు, ఎలా పోగొట్టుకున్నారు అన్న చర్చ ఇక్కడి నుంచే మొదలవ్వాలని మా వాదన.

బ్రిటిష్ వలసల్లో బానిసత్వం రద్దయ్యాక చెరుకుతోటల దొరలకు చవక కూలీలు కావాల్సి వచ్చారు. 1860 నవంబర్ 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి కూలీలతో దక్షిణాఫ్రికాలోని నేటాల్ రేవుకి చేరింది. 1911 దాకా అలా వెళ్లినవాళ్లు 1,52,184 మంది. అందులో ఎక్కువమంది మద్రాసులో ఓడెక్కినవాళ్లే. ఐదేళ్ల ఒప్పందం, మగమనిషికి మొదటి ఏడాది నెలకి 10 షిల్లింగులు. ఓడ జాబితాల్లో పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు, ఒంటిమీది గుర్తులు రాసేవాళ్లు. కులం గడిలో మాల, మాదిగ, పరయ అన్న పేర్లూ కనిపిస్తాయి. కాబట్టి ఓడెక్కిన తెలుగు ప్రబంధాల తెలుగు కాదు. నాట్ల దగ్గర, కోతల దగ్గర, అమ్మోరి జాతర్లలో పుట్టి పెరిగిన తెలుగు.

ఆ తెలుగు తోటల్లో ఎక్కడ నిలబడింది? దానికి పని ఉన్నచోట నిలబడింది. తమిళుల మధ్య తెలుగువాళ్లు తక్కువమంది. బయటివాళ్లకి అందరూ ‘మద్రాసీ’లే. ఒక్క ఉదాహరణ చెబుతాం. 1878 జూలైలో ఒంగోలు ప్రాంతంలో వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ ప్రాంతంలో బాప్టిస్టులైనవాళ్లలో అత్యధికులు మాదిగలు. తెలుగు బాప్టిస్టులు కొందరు కూలీలుగా నేటాల్ చేరి, తమకొక తెలుగు బోధకుణ్ణి పంపమని అడిగారు. ఇక్కడి తెలుగు బాప్టిస్టుల హోమ్ మిషనరీ సొసైటీ 1903లో నెల్లూరు నుంచి జాన్ రంగయ్యను పంపింది. కియర్స్నీ తేయాకు తోటలో తెలుగు సంఘం లేచింది. ఈ సంగతి మన ‘ప్రవాసాంధ్ర’ చరిత్రల్లో ఒక మూలన ఉంటుంది, లేకపోతే అసలుండదు.

1931లో ఆంధ్ర మహాసభ ఏర్పడింది. తెలుగు చెప్పడానికి, తెలుగువాళ్లం అని నిలబడడానికి అది చేసిన కృషిని మేము తక్కువ చెయ్యం. కానీ పుస్తకాల తెలుగు వేరు, ఇంట్లో అవ్వ మాట్లాడే తెలుగు వేరు. పుస్తకమే అసలు తెలుగైతే అవ్వది తప్పుల తెలుగవుతుంది. తప్పుల తెలుగు పిల్లలకి నేర్పాలని ఏ తల్లికుంటుంది? దానికి ఇంగ్లీషు బడి తోడైంది. 1950 నాటి గ్రూప్ ఏరియాస్ చట్టం ఇళ్లు ఖాళీ చేయించి ఇరుకు ఇళ్లలోకి తోసింది, ఉమ్మడి కుటుంబాలు చెదిరాయి. 1960ల తర్వాత పిల్లల ఇంటి భాష ఇంగ్లీషే. తీరా 1996 రాజ్యాంగం ఆరో సెక్షన్‌లో గౌరవించాల్సిన భాషల వరసలో తెలుగు పేరు చేర్చింది. అప్పటికి మాట్లాడేవాళ్లు ముసలివాళ్లు.

ఇదే కాలంలో ఒకినావా వాళ్లకేం జరిగిందో చూద్దాం. 1879లో జపాన్ వాళ్ల రాజ్యాన్ని కలిపేసుకుంది. బడిలో సొంత భాష మాట్లాడిన పిల్లవాడి మెడలో చెక్కపలక వేలాడదీసేవాళ్లు. 1900లో హవాయి చెరుకుతోటలకు వెళ్తే అక్కడా తోటి జపాన్ కూలీలు ‘పందుల వాళ్లు’ అని వెక్కిరించారు. (మనకి తెలియని తిట్టా ఇది?) వాళ్ల భాషా సన్నగిల్లింది. అయితే తమ పేరుని దాచుకోలేదు. యుద్ధంలో నాశనమైన తమ దీవికి 1948లో ఓడలో పంపింది 550 పందుల్నే!

నేటాల్లో మనవాళ్లకి ఆ దారి దొరకలేదు. పేరు చివర ‘నాయుడు’ తగిలించుకున్నవాళ్లందరూ ఆ కులం వాళ్లు కారు. తగిలించుకోవడాన్ని మేము తప్పుపట్టం, అది తప్పించుకునే దారి. కానీ కులాన్ని దాచినవాడు యాసని కూడా దాచుకోవాలి, ఎందుకంటే నోరు తెరిస్తే వాడ బయటపడుతుంది. తెలుగు పోవడానికి ఇంగ్లీషొక్కటే కారణం అనేవాళ్లు ఈ భయాన్ని లెక్కలోకి తీసుకోరు.

విద్యార్థులకి ఒక మాట. ఓడ జాబితాల్లో ఊళ్ల పేర్లు చదవబోతే అక్షరాలు తికమకగా ఉంటాయి. కూలీ పలికినదాన్ని గుమాస్తా తనకి వినబడినట్టు ఇంగ్లీషులో రాసుకున్నాడు. చల్లపల్లిని సల్లపల్లి అన్నవాడి ఊరు సల్లపల్లిగానే పడుతుంది. వాటిని పోల్చాలంటే బందరు, గుడివాడ, దివిసీమ వాడల్లో ముసలమ్మలు ఏ ఊరిని ఎలా పిలుస్తారో ముందు రాసిపెట్టుకోవాలి. గూడూరులో మేము ఆ పని మొదలుపెట్టాం.