చూచే కన్ను ఉంటే చాలు

ఈ రోజుల్లో సెల్‌ఫోను లేని ఇల్లు అరుదు. ఫోను ఉన్న ఇంట కెమెరా ఉన్నట్లే. పెళ్ళి అయినా, బాప్తిస్మము అయినా, కోతపండుగ అయినా, క్రిస్మస్ అయినా పది చేతులు పైకి లేస్తాయి. వందలకొద్దీ ఫొటోలు తీస్తున్నాము. వాటిలో పదేళ్ళ తర్వాత మన పిల్లలకు చూపదగినవి ఎన్ని ఉంటాయి?

"మా ఊరిలో ఫొటో తీయడానికి ఏముందండీ? మెదక్ వెళ్తే తీయవచ్చు గానీ" అంటారు చాలామంది. మెదక్ వెళ్ళినవారు ఏమి చేస్తున్నారు? గోపురానికి వీపు పెట్టి వరుసగా నిలబడి, ఒక ఫొటో తీయించుకొని తిరిగి వస్తున్నారు. సొంత ఊరిని చూడనివారు మెదక్‌ను కూడా చూడలేరు. మంచి ఫొటోకు గొప్ప స్థలము ఆధారము కాదు, నిదానముగా చూచే కన్ను ఆధారము. ఈ సంగతినే ఈ నెల మన కుటుంబాలతో పంచుకోదలిచాము.

చీపురు చెప్పే పాఠము

ఛాయాచిత్ర కళ పుట్టిన తొలినాళ్ళను చూడండి. ఫ్రాన్స్ దేశములో నియెప్స్ అనే ఆయన 1826–27 ప్రాంతములో, తన ఇంటి పై అంతస్తు కిటికీలోనుండి కనబడే పైకప్పులను ఒక లోహపు పలక మీద చాలా గంటలపాటు వెలుగు పడనిచ్చి చిత్రముగా నిలిపాడు. కెమెరాతో తీసి నేటివరకు నిలిచిన చిత్రాలలో అతి పాతది అదే. అందులో రాజభవనము లేదు, కోట లేదు. ఉన్నవి ఇంటి పైకప్పులే!

ఇంగ్లాండులో టాల్బట్ అనే శాస్త్రజ్ఞుడు 1844లో తీసిన ఒక చిత్రము నేటికీ పేరుపొందినది. అందులో ఉన్నదేమిటి? తెరచి ఉన్న ఒక తలుపు, గుమ్మానికి ఆనించిన చీపురు, ప్రక్కన గోడకు వ్రేలాడే లాంతరు. చీపురు నీడ ఏటవాలుగా పడింది. తలుపు వెనుక చీకటి. ఆ వెలుగు నీడల వలన మన కన్ను ఆ గుమ్మములోనికి పోతుంది. అటువంటి గుమ్మము, అటువంటి చీపురు మనలో ఎవరి ఇంట లేవు?

విశ్వాసులకు ఇది కొత్త పాఠము కాదు. మన ప్రభువు బోధించినప్పుడు ఆకాశ పక్షులను, అడవి పువ్వులను చూపించాడు. విత్తనాలు చల్లే రైతును, పిండిలో పులిపిండి కలిపే స్త్రీని చూపించాడు. కానుకపెట్టె దగ్గర ధనవంతులు వేస్తున్నవి అందరూ చూస్తుండగా, బీద విధవరాలి రెండు కాసులను ఆయన చూచాడు. అందరి కన్నులు దాటిపోయిన దాని మీద ఆయన కన్ను నిలిచింది.

మెదక్‌లో నిలబడినప్పుడు

ఇక గొప్ప కట్టడము దగ్గరకు వెళ్దాము. మెదక్ కేతీడ్రల్ నిర్మాణాన్ని మిషనరీ చార్లెస్ వాకర్ పోస్నెట్ గారు 1914లో ప్రారంభించారు. కరువు రోజులలో ఎందరో పేదలకు ఆ పని అన్నము పెట్టింది. 1924 డిసెంబరు 25న మందిర ప్రతిష్ఠ జరిగింది. గోపురము ఎత్తు 175 అడుగులు. మందిరము పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు. 2024 క్రిస్మస్‌కు నూరేళ్ళు నిండాయి.

అంత ఎత్తయిన గోపురాన్ని దగ్గర నిలబడి, ఫోను పైకి వంచి తీస్తే అది వెనక్కి పడిపోతున్నట్లు కనబడుతుంది. కాబట్టి దూరముగా వెళ్ళాలి. ఫోనును వంచకుండా నిటారుగా పట్టుకోవాలి. అప్పుడు ముందుభాగములో చాలా ఖాళీ నేల కనబడుతుంది. ఆ ఖాళీని ఏమి నింపుతుందో చూడండి. చెట్టు క్రింద చాప పరచుకొని అన్నము తింటున్న కుటుంబము ఉండవచ్చు, మెట్లమీద చెప్పులు విడుస్తున్న ముసలమ్మ ఉండవచ్చు. ఆ మనిషి ప్రక్కన గోపురము ఎంత ఎత్తయినదో చూచేవారికి ఇట్టే తెలుస్తుంది.

లోపల ప్రభువు జననము, సిలువ, ఆరోహణము చూపే మూడు రంగుటద్దాల కిటికీలు ఉన్నాయి. ఇక్కడ చాలామంది ఫ్లాష్ వేస్తారు. ఫ్లాష్ వెలుగు మన వైపునుండి పోతుంది. అద్దము రంగులు వెలిగేది బయటినుండి వచ్చే వెలుగుతోనే. అందుకే రాత్రివేళ లోపలినుండి చూస్తే ఆ బొమ్మలు కనబడవు. ఫ్లాష్ ఆపి, తెరమీద ఆ అద్దాన్నే వేలితో తాకి, వెలుతురు కొంచెము తగ్గించి తీయండి. గోడలు చీకటిగా వస్తాయి, రంగులు నిండుగా వస్తాయి. సూర్యుడు ఏ వైపు ఉంటే ఆ వైపు కిటికీ బాగా వెలుగుతుంది గనుక ఏ వేళకు ఏది వెలుగుతుందో ముందుగా గమనించండి. ఫొటోలకు అనుమతి ఉన్నదో లేదో తప్పక అడగండి.

డోర్నకల్‌లో మరొక పాఠము ఉంది. మన దేశములో మొదటి భారతీయ ఆంగ్లికన్ బిషప్పు అయిన అజరయ్య గారి కాలములో కట్టిన ఎపిఫనీ కేతీడ్రల్ 1939 జనవరి 6న ప్రతిష్ఠింపబడింది. దక్షిణ భారత దేవాలయాల స్తంభాల తీరు, ముస్లిం కట్టడాల గుమ్మటాల తీరు అక్కడ ఒక్కచోట కలిశాయి. సువార్త ఈ నేలమీది భాషలోనే, ఈ నేలమీది రూపములోనే పలకాలని ఆయన ఆశ. అక్కడ ముఖద్వారము ముందు నిలబడి ఒక్క ఫొటో తీసుకుంటే ఆ సంగతి కనబడదు. ఒక స్తంభము, దాని వెనుక ఒక గుమ్మటము రెండూ ఒకే చిత్రములోనికి వచ్చే చోటు వెదకాలి. నాలుగడుగులు ప్రక్కకు నడవాలి, కొంచెము వంగాలి. కట్టినవారి మనస్సు ఏమిటో తెలిసినవారికే ఎక్కడ నిలబడాలో తెలుస్తుంది.

మన ఊరి మందిరములో

ఇప్పుడు మన పెంకుల మందిరానికి వద్దాము. దానికి 175 అడుగుల గోపురము లేకపోవచ్చు. కాని ఉదయము ఏడు గంటలకు తూర్పు కిటికీలోనుండి చాపల మీద పడే వెలుగు ఉంది. గంట తాడు పట్టుకొని నునుపెక్కిన చోటు ఉంది. అంచులు నలిగిన పాటల పుస్తకము ఉంది. మూలన ఆనించిన డోలక్ ఉంది. వాన వెలిసిన తర్వాత ముంగిట నిలిచిన నీటిలో తలక్రిందులైన సిలువ ఉంది. వీటిలో ప్రతిదీ ఒక చిత్రమే.

కొన్ని చిన్న సంగతులు జ్ఞాపకముంచుకోండి. మొదట ఫోను తీయకుండా మందిరము చుట్టూ ఒకసారి నడవండి. మిట్టమధ్యాహ్నపు ఎండలో కండ్ల క్రింద నల్లని నీడలు పడతాయి. మన ఆరాధన ముగిసేది ఇంచుమించు ఆ వేళకే గనుక అందరినీ ఎండలో నిలబెట్టక వరండా నీడకు పిలవండి. తెరను అడ్డముగా మూడు, నిలువుగా మూడు భాగాలు చేసినట్లు ఊహించుకొని, ముఖ్యమైన దానిని నట్టనడుమ కాక ఆ గీతలు కలిసే చోట ఉంచి చూడండి. తలవాకిలిని చట్రముగా చేసుకొని లోపలి బల్లను తీయండి. పొలము గట్టు, తాటిచెట్ల వరుస, బెంచీల వరుస మన కన్నును లోపలికి నడిపించే దారులు. మీట నొక్కేముందు వెనుక ఏముందో చూడండి. లేకపోతే పాస్టరు గారి తలలోనుండి కరెంటు స్తంభము మొలిచినట్లు వస్తుంది! పసిపిల్లలను తీసేటప్పుడు నేలమీద కూర్చొని వారి కండ్ల ఎత్తునుండి తీయండి.

ప్రభువు బల్ల సమయములో, కన్నీటి ప్రార్థన సమయములో ఫోను జేబులో ఉండనివ్వండి. రోగిని గాని, దుఃఖములో ఉన్నవారిని గాని వారి అనుమతి లేనిదే తీయకూడదు. దేవుని స్వరూపమందు చేయబడిన మనిషిని మన వేడుకకు వస్తువుగా చేయరాదు.

ఎందుకింత శ్రద్ధ?

అనేక గ్రామాలలో తాతలు కట్టిన పాత మందిరాలు శిథిలమై, వాటి స్థానములో కొత్తవి లేస్తున్నాయి. కొత్త మందిరము దేవుని దీవెనే. అయితే పాతదానిని కూల్చిన తర్వాత, "అది ఎలా ఉండేది తాతయ్యా?" అని పిల్లవాడు అడిగితే చూపడానికి ఒక్క ఫొటో ఉండదు. ఉన్నవాటిలో కూడా రిబ్బను కత్తిరించే పెద్దలు కనబడతారు గాని గోడలు కనబడవు. గోడకు మట్టి మోసిన తల్లులు అసలే కనబడరు.

ఇండ్లలోనూ ఇంతే. ఒక పెద్దామె ప్రభువునందు నిద్రించిన తర్వాత ఇంటివారు ఫొటో కోసం వెదకుతారు. చివరకు ఆధార్ కార్డు మీది మసక బొమ్మను పెద్దది చేయించి జ్ఞాపకార్థ కూడికలో పెట్టే కుటుంబాలు ఎన్నో. ఆమె ఏభై ఏళ్ళు మందిరము ఊడ్చింది. ఆదివారము అందరికంటే ముందు వచ్చి చాపలు పరచింది. ఇంటినిండా ఫోనులు ఉన్నా ఆమె వైపు ఒక్కటీ తిరగలేదు. తిరిగిన రోజున ఆమె, "నన్నెందుకు బాబూ, పిల్లల్ని తియ్యి" అని ప్రక్కకు జరిగి ఉంటుంది.

కాబట్టి ఈ నెలలోనే ప్రతి కుటుంబము ఒక పని చేయాలని కోరుతున్నాము. మీ ఇంటి పెద్దలను గుమ్మము లోపల, ప్రక్కనుండి వెలుగు పడే చోట కూర్చోబెట్టండి. వారి చేతిలో వారు రోజూ పట్టుకునేదే ఉండనివ్వండి. బైబిలు కావచ్చు, చేట కావచ్చు, చేతికర్ర కావచ్చు. వారితో కాసేపు మాట్లాడండి. ముఖము బిగుసుకున్నది పోయి మామూలుగా నవ్వినప్పుడు మీట నొక్కండి. యౌవనస్థుల కూటమివారు మందిరాన్ని లోపల, బయట, నాలుగు వైపులా తీయండి. పునాదిరాయి మీది అక్షరాలు చదవడానికి వీలుగా తీయండి. కాగితము మీద అచ్చు వేయించి, వెనుక పేరు, ఊరు, తేదీ వ్రాయండి. ఫోను నీళ్ళలో పడితే అందులోని వెయ్యి ఫొటోలు ఒక్కసారే పోతాయి. బైబిలులో దాచిన ఒక్క ఫొటో మనుమలకు అందుతుంది.

మన పితరులు వారు చూచిన దేవుని మేలులను రాళ్ళు నిలబెట్టి బిడ్డలకు జ్ఞాపకము చేశారు. యొర్దాను దాటిన తర్వాత నిలిపిన పన్నెండు రాళ్ళు నదిలో దొరికిన మామూలు రాళ్ళే. మన చేతిలోని చిన్న చిత్రము కూడా అటువంటి రాయి కాగలదు. చూచే కన్ను దేవుడు ఇదివరకే ఇచ్చాడు. ఈ ఆదివారము మందిరానికి పది నిమిషాలు ముందుగా వెళ్ళి, చాపలు పరుస్తున్నది ఎవరో చూడండి.