మీకు తెలుసా? ఆర్పిన లైటు మళ్లీ వెలిగే గుట్టు!

డాష్‌బోర్డు మీద పసుపురంగు ఇంజన్ బొమ్మ! అదే చెక్ ఇంజన్ లైటు. షెడ్డుకు తీసుకెళ్తే స్కానర్ పెట్టి ఆర్పేస్తారు. వారం తిరక్కుండానే మళ్లీ ప్రత్యక్షం! ఎందుకో తెలుసా? చాలా లోపాలకు బండిలోని కంప్యూటర్ మొదటిసారే లైటు వెలిగించదు! పట్టుకుని ఒక కోడ్‌గా గుట్టుగా రాసిపెట్టుకుంటుంది. వరుసగా 2 ప్రయాణాల్లో అదే లోపం దొరికితే అప్పుడు వెలిగిస్తుంది! కాబట్టి ఆర్పించిన రోజున లైటు రాలేదని సంబరపడకండి. కంప్యూటర్ ఇంకా సాక్ష్యం కూడగడుతోందంతే!

తనంతట తాను ఆరడానికీ లెక్క ఉంది! లోపం పోయిన క్షణాన లైటు పోదు. వరుసగా 3 ప్రయాణాల్లో లోపం కనబడకూడదు. అప్పుడే ఆరుతుంది! రిపేరు నిజంగా కుదిరినా ఈ ఆలస్యం తప్పదు. కంగారుపడి మళ్లీ షెడ్డుకు పరిగెత్తకండి!

మరి ఆరిపోయాక? కోడ్ మటుకు లోపలే దాక్కుని ఉంటుంది! ఇంజన్ చల్లారి మళ్లీ వేడెక్కడం 40 సార్లు జరగాలి. అప్పటిదాకా లోపం తిరిగి రాకూడదు. ఆ తర్వాతే చెరుగుతుంది! లైటు వచ్చి పోయిందా? ఇప్పుడైనా స్కాన్ చేయించవచ్చు. ఆధారం అక్కడే ఉంది!

స్కానర్ ఎక్కడ గుచ్చుతారో చూశారా? డ్రైవర్ సీట్లో కూర్చుని స్టీరింగ్ కింద చెయ్యి పెట్టండి. మోకాళ్ల పైన, ఫ్యూజు పెట్టె దగ్గర్లో, ఒక పక్క వెడల్పుగా మరో పక్క సన్నగా ఉండే ప్లాస్టిక్ సాకెట్ వేలికి తగులుతుంది. అందులో 16 గదులు! కంపెనీ ఏదైనా ఆకారం ఒక్కటే! అమెరికాలో 1996 మోడల్ నుంచి, మన దగ్గర 2013 ఏప్రిల్ నుంచి వచ్చిన కార్లన్నిటిలో దాదాపు ఇదే ఏర్పాటు. చిన్న బ్లూటూత్ స్కానర్ గుచ్చితే చాలు. కోడ్ మీ ఫోన్‌లోనే కనబడుతుంది!

లైటు వెలిగినప్పటి పరిస్థితి కూడా కంప్యూటర్ దాచి ఉంచుతుంది! స్పీడెంత, ఇంజన్ వేడెంత, లోడెంత, అన్నీ! బండి గంటకు 80 కిలోమీటర్ల మీద, బాగా వేడెక్కాకే లోపం వచ్చిందని అందులో ఉందనుకోండి. షెడ్డు ముందు నిలబెట్టి ఎంతసేపు రేజ్ చేసినా ఏం దొరుకుతుంది? హైవే ఎక్కాల్సిందే! ఇక్కడే అందరూ చేసే పొరపాటు ఒకటుంది. కోడ్ చెరిపితే ఈ రీడింగులన్నీ దాంతోపాటే పోతాయి! చెరిపేముందు ఆ తెరను ఫోన్‌తో ఫొటో తీసుకోండి. దయచేసి తీసుకోండి!

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ముచ్చటగా అనిపించేది! బండి మిస్సింగ్ కొడుతోందని కంప్యూటర్‌కి ఎలా తెలుస్తుంది? శబ్దం వినదు! మంట చూడదు! క్రాంక్ షాఫ్ట్‌తోపాటు ఒక పళ్ల చక్రం తిరుగుతుంది. చాలా బండ్లలో దానికి 58 పళ్లు. ఒక్కో పన్ను సెన్సర్ ముందు నుంచి దాటే సమయాన్ని కంప్యూటర్ కొలుస్తుంది. ఒక సిలిండర్లో పెట్రోలు మండలేదా? ఆ క్షణంలో చక్రం రవ్వంత నెమ్మదిస్తుంది. ఆ రవ్వంతను పట్టుకుని, ఏ సిలిండరో కూడా చెప్పేస్తుంది! పీ0301 అంటే ఒకటో సిలిండర్. పీ0302 అంటే రెండోది!

ఇక పైసా ఖర్చు లేని పరీక్ష! ఒక్కో ప్లగ్గు మీద ఒక్కో కాయిల్ ఉన్న బండి అయితే ఇది వినండి. పీ0301 వచ్చింది. ఇంజన్ ఆపి, చల్లారనిచ్చి, ఒకటో కాయిల్ తీసి రెండోదానికి, రెండోది తీసి ఒకటోదానికి పెట్టండి. కోడ్ చెరిపి నడపండి. ఈసారి పీ0302 వచ్చిందా? దొంగ దొరికాడు! కాయిల్‌తోపాటే లోపం కూడా ఇల్లు మారింది. మళ్లీ పీ0301 వచ్చిందా? కాయిల్ మంచిదే. ఇదే పద్ధతిలో ప్లగ్గు మార్చి చూడండి. అదీ కాకపోతే ఇంజెక్టర్, ఆపైన కంప్రెషన్ చూడాలి. 12 వోల్టుల బ్యాటరీ నుంచి వేల వోల్టులు పుట్టించే కాయిల్ అది. ఇంజన్ నడుస్తుండగా మాత్రం ముట్టుకోవద్దు!

లైటు నిలకడగా కాకుండా మిణుకుమిణుకుమంటోందా? అది హెచ్చరిక కాదు, అరుపు! మండని పెట్రోలు కేటలిటిక్ కన్వర్టర్లోకి పోయి అక్కడ మండుతోందన్నమాట. ఈ ప్రమాదాన్ని కంప్యూటర్ ఇంజన్ తిరిగే ప్రతి 200 చుట్లకు ఒకసారి లెక్కగడుతుంది. 3,000 ఆర్‌పీఎం మీద అది సరిగ్గా 4 సెకన్ల పని! కన్వర్టర్ లోపలి పింగాణీ జల్లెడ కరిగి ముద్దయిపోగలదు. యాక్సిలరేటర్ వదిలేయండి. పక్కకు తీసి ఆపేయండి!

కోడ్ చెప్పేది ఫిర్యాదు. దోషి పేరు కాదు! పీ0171 చూడండి. గాలి ఎక్కువైంది, పెట్రోలు తక్కువైంది అని దానర్థం. పెట్రోలు ఇంజన్‌కు 1 గ్రాము పెట్రోలుకు 14.7 గ్రాముల గాలి కుదరాలి. ఈ కోడ్ రాగానే చాలా చోట్ల ఆక్సిజన్ సెన్సర్ మార్చేస్తారు. పాపం, నిజం చెప్పింది అదే! నిజం చెప్పినదాన్ని పీకేస్తే లైటు మళ్లీ రాక ఏమవుతుంది? అసలు దోషి చాలాసార్లు పగిలిన రబ్బరు గొట్టం. గాలిని కొలిచే సెన్సర్‌ను దాటాక లెక్కలోకి రాని గాలి ఆ పగులులోంచి దూరుతుంది!

దాన్ని పట్టే ఉపాయం కూడా స్కానర్లోనే ఉంది! ఫ్యూయల్ ట్రిమ్ అనే అంకె తెరవండి. కంప్యూటర్ ఎంత అదనంగా పెట్రోలు పోస్తోందో అది శాతంలో చెబుతుంది. 10 శాతం దాటితే అనుమానించాలి. ఇంజన్ ఐడిల్‌లో ఉన్నప్పుడు ఎక్కువ చూపి, రేజ్ చేయగానే తగ్గిందా? గొట్టంలో పగులు! ఐడిల్‌లో బాగానే ఉండి, ఎత్తు ఎక్కేటప్పుడు పెరుగుతోందా? పెట్రోలు పంపునో ఫిల్టర్‌నో చూడండి. ఒక్క అంకె, రెండు దారులు!

ఆక్సిజన్ సెన్సర్‌కు సొంత హీటర్ ఉంటుందని తెలుసా? సుమారు 300 డిగ్రీలకు చేరితేగానీ అది సరిగా పనిచేయదు! ఆ హీటర్ తీగ తెగినా, ఫ్యూజు పోయినా లైటు వెలుగుతుంది. కొత్త సెన్సర్ బిగించినా పాత లైటే! తీగలను చేత్తో నెమ్మదిగా తడుముతూ చూడండి. వానాకాలంలో బానెట్ కింద చేరిన ఎలుక ఎక్కడో కొరికి ఉంటుంది. కనెక్టర్లో పచ్చగా చిలుము పట్టి ఉన్నా ఇదే తంటా!

ఒకదానితో ఒకటి సంబంధం లేని కోడ్‌లు గంపెడు వచ్చాయా? భయపడకండి! బ్యాటరీ టెర్మినళ్లు, ఎర్త్ వైరు ముందు చూడండి. నిండా చార్జ్ ఉండి ఊరికే ఉన్న బ్యాటరీ దాదాపు 12.6 వోల్టులు చూపాలి. కరెంటు చాలక సెన్సర్లన్నీ ఒకేసారి తప్పుడు మాట చెప్పగలవు! ఇంత చిన్న సంగతికి వేలకు వేలు పోస్తుంటే చూడలేం కదా.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఒక ముక్క! అక్కడి కార్లు పెట్రోలు ఆవిరి లీకునూ పట్టేస్తాయి. అర మిల్లీమీటరు, అంటే 0.5 మిల్లీమీటర్ల రంధ్రం చాలు! పెట్రోలు పోయించాక మూత వదులుగా తిప్పినా లైటు రావచ్చు. క్లిక్ మనేదాకా తిప్పండి. మూత చుట్టూ ఉండే రబ్బరు రింగు ఎండి పగిలిందేమో వేలితో రాసి చూడండి. చీటికీమాటికీ పీ0455 వస్తుంటే మొదట మార్చాల్సింది ఆ మూతే!

అక్కడే ఇంకో వింత! 2010 మోడళ్ల నుంచి శాశ్వత కోడ్‌లు వచ్చాయి. స్కానర్‌తో చెరపలేరు. బ్యాటరీ వైరు పీకినా పోవు! లోపం పోయిందని బండి తానే పరీక్షించుకుని నమ్మితేనే చెరుపుతుంది!

ఇక సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్లు దగ్గరికి రండి! తాళం తిప్పి, స్టార్ట్ చేయకుండా చూడండి. ఇంజన్ బొమ్మ వెలగాలి. వెలగలేదా? బల్బు తీసేసి ఉండవచ్చు! వెలిగితే స్కానర్ గుచ్చండి. కోడ్‌లు చెరిపాక బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో చాలా కంప్యూటర్లు లెక్కపెడతాయి. ఆ లెక్క 65,535 కిలోమీటర్ల దాకా వెళ్లగలదు! ఏ కంప్లయింటూ లేదని అమ్మేవాడు చెబుతున్న బండిలో అక్కడ 12 కిలోమీటర్లే కనబడిందా? నిన్నో మొన్నో ఎవరో లైటు ఆర్పారు! ఏం కోడ్ చెరిపారో చెప్పేదాకా అడ్వాన్సు తీయకండి!