స్థూలకాయము: రక్తనాళముల రక్షణ



కాలువ క్రింది సేద్యమెరిగిన వారికి రక్తనాళముల సంగతి చెప్పుట కష్టము కాదు. ధమనులు కాలువలు, గుండె కండ, మెదడు, కాళ్లు, ఇవి చేలు. కాలువలో పూడిక పడినచో చివరి చేను ముందుగా ఎండును. రక్తమందని కండయు అట్లే చచ్చును.

రక్తము దేహమంతయు చుట్టి వచ్చుచున్నదని హార్వే అను ఆంగ్లేయ వైద్యుడు 1628లో ప్రకటించెను. అయితే నాళము వట్టి గొట్టము కాదని తెలియుటకు మరి మూడువందల యేండ్లకు పైగా పట్టినది. నాళము లోపల ఒకే కణము మందముగల పలుచని పొర కలదు. అది నైట్రిక్ ఆక్సైడను వాయువును పుట్టించి నాళమును సడలించును. రక్తము గడ్డకట్టి గోడకంటుకొనకుండ కాపాడును. ఈ వాయువు పనిని తెలిపిన ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్ అను మువ్వురు అమెరికా శాస్త్రజ్ఞులకు 1998లో నోబెల్ బహుమాన మొసగబడెను.

బొజ్జ కలిమికి గుర్తని మనలో నొక భావము కలదు. కాని బొజ్జలోని క్రొవ్వు గాదెలోని ధాన్యమువలె ఊరక పడియుండదు. వాపును కలిగించు పదార్థములను రక్తములోనికి వదలుచుండును. దానిచే లోపొర తన వాయువును తగినంత పుట్టింపజాలదు, నాళము బిరుసెక్కును, రక్తపుపోటు, మధుమేహము తోడగును, దారి యిరుకగును. మన దేశీయులలో నడుము చుట్టుకొలత పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటినచో అపాయమని వైద్యులెంచుదురు. కాళ్లు చేతులు సన్నముగా నున్నను ఈ లెక్క తప్పదు.

ఇక వింతయైన విషయము. ఆగిన రక్తము తిరిగి పారుటయు కొంత హాని చేయును. నెఱ్ఱెలు వారిన కట్టమీదికి ఒక్కుమ్మడిగా నీరు వదలినచో గండి పడును గదా! అట్లే ప్రాణవాయువు ఒక్కసారిగా చేరగానే కణములలో విషతుల్యమైన పదార్థములు పుట్టును; లోపొర ఉబ్బి సన్నని నాళములను మూయును. స్థూలకాయునిలో ఆ పొర ముందే చెడియుండుటచే ఈ దెబ్బకు ఓర్వజాలదు.

దీనికి విరుగుడున్నదా? 1986లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయమువారు కుక్కల గుండె ధమనిని అయిదేసి నిమిషములు నాలుగుమార్లు మూసి తెరచి, పిమ్మట 40 నిమిషములు మూసిరి. అట్లు అలవాటు చేయని కుక్కలలో చచ్చిన కండలో నాలుగవ వంతు మాత్రమే వీనిలో చచ్చెను! ఆశ పుట్టించిన సంగతియే. కాని గుండెపోటు వచ్చినవారి చేతికి పట్టీ బిగించి వదలు ఇటువంటి పద్ధతిని ఐదువేల మందికి పైగా రోగులతో పరీక్షించిన ఫలితములు 2019లో వెలువడినవి, మేలు కనబడలేదు. బలిసిన జంతువులలోను ఈ రక్షణ తరచు తగ్గుచున్నది. కావున ఇంటియొద్ద ఎవరును అట్టి ప్రయోగము చేయరాదు.

నమ్మదగినది నడక. నడచునపుడు వేగముగా పారు రక్తపు ఒరపిడియే లోపొరను మేల్కొల్పి వాయువును పుట్టింపజేయును. బరువులో ఇరువదవ వంతు తగ్గినను రక్తపుపోటు, చక్కెర కొంత దిగును. చుట్ట మానక ఇవి చేయుట, కట్ట తెగగొట్టుచు గట్టు వేయుట వంటిది. నడచునపుడు పిక్కలు పట్టి, నిలువగానే తగ్గినచో అది ముసలితనమని యూరకుండక వైద్యునికి చూపవలెను. కాలి ధమని యిరుకైనదేమో ఆయన తేల్చును.

పెద్దలైన మీకొక్క మాట. రాత్రివేళ ఇంటిలో నొకరికి రొమ్ము బిగబట్టి చెమటలు పట్టినచో, "వాయువు లెండి, తెల్లవారనిండు" అని మొదట పలుకునది తరచు మనమే. మన మాట దాటి పిల్లలు బండి కట్టరు. పూర్తిగా మూసికొన్న ధమని క్రింది కండ అరగంట లోపలనే చచ్చుట మొదలిడును. గడ్డను కరగించు మందు తొలి గంటలో చేయు మేలు పిదప చేయదు. 108కు వెంటనే ఫోను చేయింపుడు. మధుమేహము కలవారికి నొప్పియే తెలియకపోవచ్చును; కారణము లేని ఆయాసము, చెమట, తెలియని నీరసము వారికి నొప్పితో సమానము.