రాడార్ తెర మీద కొక్కెం

1953 ఏప్రిల్ 9. అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రం, షాంపేన్ దగ్గరి విమానాశ్రయం. అక్కడి రాడార్‌కు మరమ్మతు ముగించి, సరిగా పని చేస్తోందో లేదో చూస్తున్నారు డొనాల్డ్ స్టాగ్స్. ఆయన ఎలక్ట్రికల్ ఇంజినీరు. ఆ రాడార్ రెండో ప్రపంచ యుద్ధంలో బాంబర్లకు బిగించిన రకం. యుద్ధంలో దాని తెర మీద వాన పడితే ఆపరేటర్లు విసుక్కునేవారు. ఇక్కడ దానికిచ్చిన పనే వానను కొలవడం.

తెర మీద ఉరుముల మబ్బు ఓ మరకలా ఉంది. చూస్తుండగానే దాని అంచున తోక మొలిచింది. వంగింది. 6 అంకెలా, కొక్కెంలా చుట్టుకుంది. ఏమిటో తెలియకపోయినా స్టాగ్స్ దాన్ని ఫిల్ముకెక్కించారు. నా లెక్కలో ఆ రోజు జరిగిన గొప్ప పని అదే. తీరా చూస్తే ఆ మబ్బు కిందే టోర్నడో పుట్టింది.

రాడార్‌కు గాలి కనిపించదు, చినుకు కనిపిస్తుంది. అదీ సమంగా కాదు: చినుకు వ్యాసం రెట్టింపైతే ప్రతిధ్వని 64 రెట్లవుతుంది. మబ్బులో సుడి తిరుగుతూ పైకి లేచే గాలి చుట్టూ వాన చుట్టుకుపోతే కొక్కెం ఏర్పడుతుంది. కొక్కెం లోపల మాత్రం బోసిగా ఉంటుంది. అక్కడ గాలి ఎంత జోరుగా లేస్తుందంటే, చినుకులు పెద్దవయ్యేలోపే పైకి కొట్టుకుపోతాయి. భయపడాల్సింది ఆ ఖాళీ దగ్గరే. మన మచిలీపట్నం రాడార్ తెర మీద తుపాను కన్ను బోసిగా కనిపిస్తుంది గానీ, ఆ సంగతి వేరు. అక్కడ గాలి నెమ్మదిస్తుంది.

కొక్కెం ఉన్న ప్రతిచోటా టోర్నడో ఉండదు. ఆ చిక్కు కొంత విప్పింది డాప్లర్ రాడార్. 1973 మే 24న ఓక్లహోమాలోని యూనియన్ సిటీ దగ్గర, రాడార్ వైపు వచ్చే గాలి, దూరంగా పోయే గాలి పక్కపక్కనే ఉండడాన్ని అది టోర్నడో నేల తాకకముందే పట్టుకుంది.

ఆకాశం నిర్మలంగా ఉన్నా తెర ఖాళీగా ఉండాలని లేదు. టెక్సాస్‌లో శాన్ ఆంటోనియో దగ్గరి బ్రాకెన్ గుహ నుంచి వేసవి సాయంత్రాల్లో లక్షలాది గబ్బిలాలు మేతకు బయల్దేరితే, కొత్తవాళ్లు వాన మొదలైందనుకుంటారు.

కొక్కెం కొసన ఒక్కోసారి ఎర్రటి ముద్ద తేలుతుంది. అది వాన కాదు. పైకప్పుల రేకులు, చెక్కలు, చెట్ల కొమ్మలు.