తుపాకి కొయ్యకు నూనె, మైనం

1948లో ఏర్పడిన నేషనల్ కేడెట్ కోర్‌లో దశాబ్దాల తరబడి కవాతు చేసిన విద్యార్థులకు పాయింట్ 303 లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిల్ చిరపరిచితం. దాదాపు 4 కిలోల బరువుగల ఆ ఆయుధాన్ని మన దేశంలో బెంగాలులోని ఇషాపూర్ కర్మాగారం తయారుచేసింది. ఉక్కు గొట్టానికి తుప్పు పట్టకుండ కాపాడవలెనని అందరూ ఎరుగుదురు. భుజానికి ఆనించే మడమ, గొట్టాన్ని ఆవరించి ఉండే కొయ్య విషయంలో మాత్రం అశ్రద్ధ మెండు.

చెట్టును నరికిన తరువాత కూడ కొయ్య గాలిలోని తేమను పీల్చి ఉబ్బుతుంది, ఎండలకు కుదించుకొనిపోతుంది. ఉబ్బిన కొయ్య గొట్టాన్ని ఒక ప్రక్కకు నొక్కితే గురి తప్పుతుంది. ఎండి బీటవారితే మడమ చీలుతుంది. కాబట్టి కొయ్యకు నూనె పట్టించడం కేవలం అలంకారం కాదు.

అయితే ఏ నూనె? కొబ్బరినూనె ఎన్నాళ్ళయినా ఆరదు. జిడ్డుగా మిగిలి దుమ్మును పట్టుకొంటుంది. అవిసె నూనె, అనగా మన ఉర్దూ మిత్రుల అల్సీ తేల్, ఆరుతుంది. ఈ ఆరడం నీరు ఆవిరి కావడం వంటిది కాదు. నూనెలోని ఆమ్లాలు గాలిలోని ఆక్సిజన్‌ను గ్రహించి, అణువులు ఒకదానితో ఒకటి పెనవేసుకొని గట్టిపడతాయి. అందుచేత ఆరే కొలది దాని బరువు మొదట తగ్గదు సరికదా, పెరుగుతుంది! బ్రిటిష్ సైన్యం పచ్చి అవిసె నూనెనే వాడింది. అది ఆరడానికి రోజులు పడుతుంది. బజారులో 'బాయిల్డ్' పేర అమ్మే నూనెలో సాధారణంగా త్వరగా ఆరడానికి లోహ లవణాలు కలుపుతారు. ఊరక కాచిన నూనె అని భ్రమపడరాదు.

ముందు ఉప్పుకాగితంతో చారల వెంబడి నునుపు చేయాలి. తడిగుడ్డతో తుడిచి, లేచిన నూగును ఆరిన పిదప మరల రుద్దాలి. తరువాత కొద్ది చుక్కల నూనెను అరచేతి వేడితో మర్దించి, పావుగంట ఆగి, మిగిలినదంతా తుడిచివేయాలి. మందంగా పూసిన పూత బంకగా నిలిచిపోతుంది. మడమ చివర, లోహపు పలక క్రింద ఉండే అడ్డుకోత నూనెను ఎక్కువగా త్రాగుతుంది. కంటికి కనిపించదు గనుక అందరూ మరచేది అదే.

మైనం వంతు నూనె పూర్తిగా ఆరిన తరువాతనే. ముందే మైనం పూస్తే నూనె లోనికి దిగదు. తేనెమైనం సుమారు 63 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద కరుగుతుంది. మన వేసవి ఎండలో మెత్తబడి చేతికంటుతుంది. బ్రెజిల్ తాటిజాతి చెట్టు ఆకులనుండి తీసే కార్నాబా మైనం 80 డిగ్రీలు దాటితేగాని కరగదు. వాన చినుకును ఇవి జార్చగలవు గాని గాలిలోని తేమను పూర్తిగా ఆపలేవు. అయినను వార్నిషు కంటె నూనెయే మేలని నా అభిప్రాయం. గీత పడినచోట మరికొంత నూనె రుద్దితే చాలు.

ఒక ప్రమాదాన్ని చెప్పక తప్పదు. ఆక్సిజన్‌తో కలిసేటప్పుడు అవిసె నూనె వేడిని విడుదల చేస్తుంది. నూనె గుడ్డలను ముద్దగా చుట్టి పడవేస్తే ఆ వేడి బయటికి పోలేక తమంతట తామే అంటుకొంటాయి. 1991 ఫిబ్రవరిలో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో వన్ మెరిడియన్ ప్లాజా అనే 38 అంతస్తుల భవనం ఇటువంటి గుడ్డల మూలంగానే తగులబడి, ముగ్గురు అగ్నిమాపక సిబ్బంది మరణించారు. వాడిన గుడ్డను ఆరుబయట విప్పి పరచి ఆరవేయాలి. లేదా నీటిలో ముంచి, మూతగల లోహపు డబ్బాలో ఉంచాలి.

ఇక గొట్టానికి పూసే ఖనిజ తైలం కొయ్యలోనికి ఇంకితే, కొయ్య నల్లబడి మెత్తబడుతుంది. అందుకే తైలం మిక్కిలిగా పూసిన తుపాకిని గొట్టం క్రిందికి ఉండేటట్లు నిలబెడతారు.